కొబ్బరి దింపు కార్మికుడి పాత్రను వీడియో ఆటకు సిద్ధం చేయడం: రిగ్గు పని మొదటి నుంచి చివరి దాకా

అమలాపురం చుట్టుపక్కల తోటల్లో దింపు జరిగే రోజున చెట్టు మొదట్లో నిలబడి ఒక పది నిమిషాలు శ్రద్ధగా చూస్తే, రిగ్గింగు (బొమ్మను కదిలించడానికి లోపల ఎముకలు అమర్చే పని) పాఠాల్లో సాధారణంగా దొరకని సంగతులు ఎన్నో తెలుస్తాయి. దింపు కార్మికుడు రెండు పాదాలకూ కలిపి తాడు బందం వేసుకుని, మాను చుట్టూ చేతులు వేసి, ముందుగా చేతులను పైకి జరిపి, ఆ పట్టు మీద బరువు మోపి రెండు కాళ్ళనూ ఒకేసారి పైకి లాక్కుంటాడు. ఆ క్షణంలో మోకాళ్ళు పక్కలకు విచ్చుకుని ఛాతీ దగ్గరకు వస్తాయి, అరికాళ్ళు లోపలికి తిరిగి మానును పట్టుకుంటాయి, ఎగ్గట్టిన పంచె తొడల మధ్య బిగుసుకుంటుంది. చేతులు చాచి నిటారుగా నిలబడిన బొమ్మకు ఎముకలు అమర్చి, నాలుగడుగులు నడిపించి చూసి, రిగ్గు పూర్తయిందనుకుంటే, ఈ భంగిమ దగ్గరకు వచ్చేసరికి బొమ్మ నడుము దగ్గర నలిగిపోతుంది. అందుచేత రిగ్గును పాత్ర నిలబడే తీరుకు కాక, ఆ పాత్ర ఆటలో వేయవలసిన అతి కష్టమైన భంగిమకు తగినట్టు తయారు చేయాలని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ వివరించే పని అంతా బొమ్మలు తయారుచేసే బ్లెండర్‌లో చేసి, ఆటను నడిపే ఇంజిన్ యూనిటీకి పంపే పద్ధతిలో ఉంటుంది. అన్‌రియల్, గోడో అనే ఇంజిన్లు వాడేవారికి తేడా వచ్చే చోట్ల ఆ మాట చెబుతాను.

మెష్ దశలో చూసుకోవలసినవి

ఎముకలు వేయడానికి ముందే కొలతలు సరిచూసుకోవాలి. బ్లెండర్‌లోనూ యూనిటీలోనూ ఒక యూనిట్ అంటే ఒక మీటరు, అన్‌రియల్‌లో ఒక యూనిట్ అంటే ఒక సెంటీమీటరు. కాబట్టి మనిషి ఎత్తు బ్లెండర్‌లో 1.65 దగ్గర ఉండాలి, పాదాలు నేల మీద, సరిగ్గా కేంద్ర బిందువు దగ్గర ఆనాలి. మెష్‌కూ (బొమ్మ పైపొర) ఆర్మేచర్‌కూ (ఎముకల కూర్పు) స్కేల్, రొటేషన్ రెండూ అప్లై చేసి, స్కేల్ 1 అనీ రొటేషన్ 0 అనీ కనిపించిన తరువాతే వాటిని కలపాలి. ఈ చిన్న పని వదిలేస్తే తరువాత కత్తి చేతికి తగిలించినప్పుడో, ఐకె (పాదమో చెయ్యో ఉండవలసిన చోటు చూపితే మిగతా ఎముకలు తామే వంగే పద్ధతి) వేసినప్పుడో అర్థం కాని వంకరలు వస్తాయి, మూలం ఎక్కడ ఉందో వెతకడానికి రోజులు పడుతుంది.

మోకాలు, మోచెయ్యి దగ్గర కనీసం మూడు వరుసల ఎడ్జి లూపులు (మెష్ చుట్టూ తిరిగే గీతలు) ఉండాలి. దింపు పాత్రకు గజ్జల దగ్గరా పిరుదుల కిందా ఇంకొన్ని వరుసలు అవసరం, ఎందుకంటే తొడ అంత పైకి మడిచినప్పుడు సాగవలసిన చర్మమూ ముడుచుకోవలసిన చర్మమూ రెండూ అక్కడే ఉన్నాయి. వట్టి పాదాల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పాఠాల్లోని బొమ్మలు చాలావరకు బూట్లు తొడుక్కుని ఉంటాయి, బూటు పెద్దగా వంగదు గనుక అక్కడ వెయిట్లు (ఏ ఎముక చర్మాన్ని ఎంత లాగాలన్న వాటాలు) ఎలా ఉన్నా చెల్లిపోతుంది. మన మనిషి వట్టి కాళ్ళతో మాను ఎక్కుతాడు, కాలివేళ్ళ మొదళ్ళ దగ్గర పాదం వంగడం స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి అక్కడ కూడా రెండు మూడు వరుసలు ఉంచాలి.

ఎముకల అమరిక

ఫోనులో నడిచే ఆటకు ఈ పాత్రకు నేను వాడే లెక్క ఇది. మూలానికి ఒకటి, తుంటి నుంచి తల వరకు ఆరు, ఒక్కో చేతికి మెలిక ఎముకతో కలిపి ఐదు, ఒక్కో చేతి వేళ్ళకు ఆరు, ఒక్కో కాలికి నాలుగు, తుంటి దగ్గర ఆకారం నిలబెట్టే సహాయ ఎముకలు రెండు, పంచెకు నాలుగు, కత్తికి మొలలో ఒకటి, కుడిచేతిలో ఒకటి. మొత్తం 45. వేళ్ళకు ఆరు అంటే బొటనవేలికి రెండు, చూపుడువేలికి రెండు, మిగిలిన మూడు వేళ్ళకూ కలిపి రెండు. చిన్న తెరమీద ఆ మూడు వేళ్ళు విడివిడిగా కదలడం ఎవరికీ కనిపించదు, కనిపించని దానికి ఎముకలు ఖర్చు చేయడం అనవసరం.

కీలు ఎక్కడ పెట్టాలన్నది అన్నిటికంటే ముఖ్యమైన నిర్ణయం. కాకినాడ దగ్గరి మాధవపట్నంలో తోలుబొమ్మలు ఆడించే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ బొమ్మల్లో భుజం, మోచెయ్యి దగ్గర రెండు తోలు ముక్కలను ఒక రంధ్రంలోంచి దారంతో ముడివేస్తారు. రంధ్రం కాస్త పక్కకు పడితే చెయ్యి ఎత్తినప్పుడు మోచెయ్యి ఉండవలసిన చోట ఉండదు. మన కీలూ అంతే, తేడా ఏమిటంటే మన బొమ్మకు మందం కూడా ఉంది. మోకాలి కీలును కాలి మందానికి సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం మోకాలిచిప్ప వైపుకు, మోచేతి కీలును కొంచెం మోచేతి మొన వైపుకు జరిపితే, వంచినప్పుడు బయటి మూల గుండ్రంగా నిలబడుతుంది, ముడుచుకోవడం లోపలి వైపున జరుగుతుంది. రెండు కాళ్ళూ నిటారుగా ఉన్న స్థితిలోనే మోకాలిని వెంట్రుకవాసి ముందుకు వంచి ఉంచాలి, అలా వంచకపోతే ఐకె వేసినప్పుడు కాలు ఏ వైపుకు వంగాలో దానికి తెలియదు.

మూలం ఎముక తుంటి దగ్గర కాక నేల మీద, రెండు పాదాల మధ్య ఉండాలి. దానికి చర్మం ఏమాత్రం అంటించకూడదు. తుంటి ఎముక దానికి పిల్లగా వస్తుంది, అంటే అది కదిలితే ఇదీ కదులుతుంది. ఈ ఒక్క ఎముక లేకపోయినా బొమ్మ బ్లెండర్‌లో హాయిగా కదులుతుంది గనుక చాలామంది దీన్ని వదిలేస్తారు, చెట్టు ఎక్కించవలసి వచ్చినప్పుడు ఇబ్బంది పడతారు. ఆ సంగతి కిందకు వస్తుంది.

పేర్లు మొదటి రోజే ఒక పద్ధతిలో పెట్టాలి. ఎడమకు చివర ఎల్, కుడికి ఆర్ అని చుక్క పెట్టి రాస్తే బ్లెండర్ ఒక పక్క చేసిన పనిని రెండో పక్కకు తానే అద్దంలో చూపినట్టు తీసుకుపోతుంది. చర్మాన్ని కదిలించే ఎముకలకు మాత్రమే డిఫార్మ్ గుర్తు ఉంచి, ఐకె లక్ష్యాలు, మోకాలి దిశ చూపే పోల్ వంటి నియంత్రణ ఎముకలకు ఆ గుర్తు తీసేయాలి. బ్లెండర్ 4.0 నుంచి పాత లేయర్ల బదులు బోన్ కలెక్షన్లు వచ్చాయి, ఈ రెండు రకాలనూ రెండు కలెక్షన్లలో పెట్టుకుంటే పని తేలిక. రిగ్గిఫై (బ్లెండర్‌తో వచ్చే, రిగ్గును తానే తయారుచేసే చేర్పు) వాడేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. అందులో చర్మం కదిలించే ఎముకలన్నీ ఒకదానికొకటి తిన్నగా తల్లీపిల్లలుగా ఉండవు, కొన్ని మధ్యలో వేరే తరగతి ఎముకలకు వేలాడుతుంటాయి, కాబట్టి డిఫార్మ్ ఎముకలు మాత్రమే పంపుదామంటే మధ్యలోని ఆ ఎముకలూ వెంట వస్తాయి, వరుస తిన్నగా ఉండదు. ఆటకోసమైతే ఎముకలను చేత్తో పేర్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

వెయిట్లు

ఆట ఇంజిన్లు చర్మాన్ని కదిలించే పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక వెర్టెక్స్‌ను (మెష్‌లోని ఒక బిందువును) ఒక్కో ఎముక ఎక్కడికి తీసుకుపోతుందో లెక్కగట్టి, ఆ స్థానాలను వెయిట్ల ప్రకారం సగటు చేస్తుంది. ఈ సగటు వంపు మీదుగా పోకుండా అడ్డదారిన పోతుంది కాబట్టి మోకాలు బాగా మడిచినప్పుడు లావు తగ్గినట్టు, మణికట్టు తిప్పినప్పుడు తడి కండువా పిండినట్టు కనిపిస్తుంది. బ్లెండర్‌లో ఆర్మేచర్ మాడిఫయర్ దగ్గర ప్రిజర్వ్ వాల్యూమ్ అని ఒక గుర్తు ఉంటుంది. అది వేరే గణితంతో ఆ లావును కాపాడుతుంది గనుక బొమ్మ చూడముచ్చటగా ఉంటుంది, కాని ఇంజిన్‌లో ఆ గణితం సాధారణంగా ఉండదు. వెయిట్లు వేసేటప్పుడు ఆ గుర్తు తీసేసి ఉంచాలి, లేదంటే ఆటలో కనిపించబోని అందానికి వెయిట్లు దిద్దుతూ కూర్చుంటాం.

రెండో హద్దు ఎముకల సంఖ్య. ఫోను ఆటల్లో ఒక వెర్టెక్స్‌కు నాలుగు ఎముకలకు మించి అంటించకూడదన్నది పాటించవలసిన నియమం. యూనిటీ క్వాలిటీ సెట్టింగులలో స్కిన్ వెయిట్స్ అన్న చోట 1, 2, 4, హద్దు లేకుండా అని నాలుగు స్థాయిలు ఉంటాయి, అన్‌రియల్ నాలుగుకు మించి కూడా తీసుకోగలదు. బ్లెండర్‌లో వెయిట్ల మెనూలో లిమిట్ టోటల్ 4 పెట్టి, ఆ తరువాత నార్మలైజ్ ఆల్ చేయాలి. ఈ రెంటినీ ఈ వరుసలోనే చేయాలి, ఎందుకంటే హద్దు దాటిన వాటిని తీసేశాక మిగిలిన వెయిట్ల మొత్తం ఒకటి కంటే తక్కువైపోయి ఉంటుంది. ఆటోమేటిక్ వెయిట్లు మొదటి పూత మాత్రమే. తుంటి, చంక, గజ్జలు చేత్తో దిద్దుకోవలసిందే.

దిద్దడానికి ముందు ఒక పరీక్ష కదలిక తయారు చేసుకోవాలి. నేను ప్రతి పాత్రకూ సున్నా ఫ్రేములో నిలబడిన స్థితి, 10లో చేతులు నెత్తిమీదికి, 20లో చేను గట్టు మీద గొంతుక్కూర్చున్న స్థితి, 30లో నాట్లు వేసేవాళ్ళలా కాళ్ళు చాపి ఉంచి నడుము మాత్రం వంచిన స్థితి, 40లో మాను పట్టుకుని మోకాళ్ళు విచ్చుకున్న స్థితి, 50లో అరచెయ్యి తిప్పి కత్తి విసిరే స్థితి పెడతాను. వెయిట్ కుంచె ఒకసారి అద్దిన వెంటనే కాలపట్టిక మీద వేలు జరిపి ఈ ఆరు భంగిమలూ చూస్తాను. ఒక భంగిమకు దిద్దింది మరో భంగిమను పాడుచేయడం మామూలే, అది అప్పటికప్పుడే కనిపించాలి.

మాను పట్టుకున్న భంగిమలో తొడ ఎంత దిద్దినా పిరుదు పక్కన గుంట పడుతూనే ఉంటుంది. దీనికి వెయిట్లతో మందు లేదు. తుంటి దగ్గర ఒక సహాయ ఎముక వేసి, తుంటి ఎముకకు పిల్లగా చేసి, తొడ తిరిగినంతలో సగం మాత్రమే తిరిగేలా కాపీ రొటేషన్‌ను 0.5 ప్రభావంతో పెట్టాలి. ఆ గుంట పడే చోటి చర్మాన్ని ప్రధానంగా ఈ ఎముకకు అప్పగిస్తే తొడకూ తుంటికీ మధ్య చర్మం గుండ్రంగా నిలబడుతుంది. ముంజేతి మెలిక ఎముకదీ ఇదే ఉపాయం. మణికట్టు తిరిగినంతలో సగం అది తిరిగితే కండువా పిండిన మెలిక పోతుంది. అయితే కాపీ రొటేషన్ లాంటి ఈ కట్టుబాట్లు బ్లెండర్‌వి, ఇంజిన్‌కు తెలియవు. ఎక్స్‌పోర్ట్ సమయంలో బేక్ అయి (లెక్క తేలి) కీఫ్రేములుగా (ఫ్రేము ఫ్రేముకు నమోదైన భంగిమలుగా) మారితేనే అవి ఆటలోకి వెళతాయి.

పంచె

మన పాత్రలకు పాంటు చొక్కాల నమూనాలు సరిపోవు. ఎగ్గట్టిన పంచె రెండు కాళ్ళకూ ఉమ్మడి బట్ట, ఎడమ తొడ కదిలితే బట్ట మధ్య భాగం సగం కదలాలి, కుడి వైపు కదలకూడదు. ఆటోమేటిక్ వెయిట్లు మధ్య గీత దగ్గర ఒక వెర్టెక్స్‌ను ఎడమ తొడకూ పక్క వెర్టెక్స్‌ను కుడి తొడకూ ఇచ్చేస్తాయి, కాళ్ళు విచ్చుకోగానే బట్ట మధ్యకు చిరిగినట్టు సాగుతుంది. మధ్య గీత మీది వెర్టెక్స్‌లకు తుంటికి 0.4, రెండు తొడలకు 0.3 చొప్పున ఇచ్చి, అక్కడి నుంచి పక్కకు పోయేకొద్దీ ఆ పక్క తొడ వాటా మెల్లగా పెరిగేలా చేస్తే బట్ట రెండు తొడల మధ్య ఉట్టిలా వేలాడి బిగుసుకుంటుంది, నిజం పంచె చేసేది అదే. నాలుగు పంచె ఎముకల్లో ముందు రెండు, వెనుక రెండు ఉంచి, పాత్ర నడిచేటప్పుడు అంచు ఊగడానికి మాత్రమే వాడాలి. అంచు వెర్టెక్స్‌లలో నాలుగు ఎముకల హద్దు దాటకుండా చూసుకోవాలి, ఎందుకంటే తుంటి, రెండు తొడలు, పంచె ఎముక కలిసేసరికి అక్కడే నాలుగూ నిండిపోతాయి.

పంచె కింద కనిపించని తొడల పై భాగాన్ని మెష్‌లోంచి తీసేయడం మంచిది. కింద చర్మం లేకపోతే అది బట్టలోంచి పొడుచుకు వచ్చే అవకాశమే ఉండదు, త్రిభుజాలూ తగ్గుతాయి.

ఎక్కే కదలిక, మూలం ఎముక

ముందుగా ఫ్రేముల వేగం తేల్చుకోవాలి. బ్లెండర్ మొదట 24 పెట్టి ఉంచుతుంది, ఆటకు 30 పెట్టుకోవడం నా అలవాటు. కీఫ్రేములు వేశాక మారిస్తే కదలిక కాలం మారిపోతుంది.

నడకకు పాత్రను ఒకేచోట నడిపించి, ముందుకు జరపడం కోడుకు వదిలేయవచ్చు. చెట్టు ఎక్కడానికి అది పనికిరాదు. మా పాత్ర ఒక్కో పట్టుకు 40 సెంటీమీటర్లు పైకి పోతుంది, ఒక పట్టు 36 ఫ్రేములు, అంటే 1.2 సెకన్లు. సగటున సెకనుకు 33 సెంటీమీటర్లు. కాని మనిషి ఆ వేగంతో సమంగా పైకి పోడు. మొదటి 16 ఫ్రేముల్లో చేతులు మాత్రమే పైకి జరుగుతాయి, ఒళ్ళు ఉన్నచోటే ఉంటుంది, తరువాతి 20 ఫ్రేముల్లో కాళ్ళు లాక్కుని ఒళ్ళంతా ఒక్క ఊపున పైకి లేస్తుంది. కోడు సమవేగంతో పైకి జరిపితే మొదటి సగంలో అరికాళ్ళు మాను మీద జారుతూ కనిపిస్తాయి, చూసేవారికి ఇతను పడిపోతాడేమో అనిపిస్తుంది. అందుకే మూలం ఎముకకే ఆ కదలిక ఇవ్వాలి. మొదటి 16 ఫ్రేములు అది కదలదు, తరువాత 36వ ఫ్రేముకు సరిగ్గా 0.4 మీటర్లు పైకి చేరుతుంది. సున్నా ఫ్రేములోని భంగిమా 36లోని భంగిమా, ఆ 0.4 మీటర్ల ఎత్తు మినహా, అచ్చంగా ఒకటే కావాలి. పాదాలు, చేతుల ఐకె లక్ష్యాలు పట్టు ఉన్నంతసేపూ మాను మీద ఒకే చోట నిలిచి ఉండాలి.

కత్తి మొలలోంచి చేతిలోకి మారే ఘట్టానికి కత్తిని పాత్ర మెష్‌లో కలపకూడదు. మొలలో ఒకటి, చేతిలో ఒకటి ఖాళీ ఎముకలు పెట్టి, వేరు మెష్‌గా ఉన్న కత్తిని ఏ ఫ్రేములో ఏ ఎముకకు తగిలించాలో ప్రోగ్రామరుకు రాసి ఇవ్వాలి.

ఎక్స్‌పోర్ట్

ఎఫ్‌బిఎక్స్ (బొమ్మనూ కదలికనూ ఇంజిన్‌కు పంపే ఫైలు రకం) ఎక్స్‌పోర్ట్ తెరలో ఉన్న గుర్తుల్లో కొన్ని పనిని నిలబెడతాయి, కొన్ని కూలదోస్తాయి. ఆర్మేచర్, మెష్ రెండే ఎంచుకుని పంపాలి. ఓన్లీ డిఫార్మ్ బోన్స్ పెట్టాలి, అయితే కత్తి ఎముకలకు చర్మం లేకపోయినా డిఫార్మ్ గుర్తు ఉంచితేనే అవి వెళతాయని గుర్తుంచుకోవాలి. యాడ్ లీఫ్ బోన్స్ తీసేయాలి, లేకపోతే ప్రతి వేలి చివరా అక్కరలేని ఎముక ఒకటి చేరుతుంది. యూనిటీకి పంపేటప్పుడు అప్లై స్కేలింగ్స్ దగ్గర ఎఫ్‌బిఎక్స్ ఆల్ ఎంచుకుంటే అక్కడ స్కేల్ 100 అని కనిపించే తలనొప్పి తప్పుతుంది. అప్లై ట్రాన్స్‌ఫామ్ గుర్తు ప్రయోగ దశలోనిదని బ్లెండరే హెచ్చరిస్తుంది, ఎముకలున్న పాత్రకు దాన్ని ముట్టుకోకూడదు. ముఖ కవళికలకు షేప్ కీలు (మెష్ ఆకారాన్ని మార్చి నమోదు చేసినవి) ఉంటే, అప్లై మాడిఫయర్స్ పెట్టిన పక్షంలో అవి ఎక్స్‌పోర్ట్ కావు. మెష్ మాడిఫయర్లను ముందే అప్లై చేసుకుని ఆ గుర్తు తీసేయాలి.

యానిమేషన్ బేక్ విభాగంలో సింప్లిఫై అని ఒక అంకె ఉంటుంది, మొదట 1 అని ఉంటుంది. రెండేళ్ళ క్రితం ఇదే పాత్రను మొదటిసారి పంపినప్పుడు బ్లెండర్‌లో మాను మీద అతుక్కున్నట్టున్న పాదాలు యూనిటీలో ఒకటి రెండు సెంటీమీటర్లు వణుకుతూ జారాయి. నేను వెయిట్లే తప్పనుకుని రెండు రోజులు పాదాలు దిద్దాను, ఐకె లక్ష్యాలు మళ్ళీ వేశాను. తీరా చూస్తే ఆ అంకె అవసరం లేదనుకున్న కీఫ్రేములను తీసేస్తోంది. కాలి ఎముకలన్నిటిలో తలా ఒక కాస్త తేడా వచ్చి, పాదం దగ్గరకు చేరేసరికి అవన్నీ కూడి కంటికి కనిపించేంత అవుతోంది. అక్కడ సున్నా పెట్టగానే పాదాలు నిలిచాయి. ఫైలు కొంచెం పెరుగుతుంది, ఇంజిన్‌లో కుదింపును చూసుకుంటూ తగ్గించుకోవచ్చు.

అన్‌రియల్‌కు పంపేవారు బ్లెండర్‌లో ఆర్మేచర్ వస్తువు పేరును మార్చకుండా ఆర్మేచర్ అనే ఉంచాలి, మారిస్తే ఆ పేరుతో మూలం పైన ఇంకో ఎముక చేరుతుంది. గోడోకు జిఎల్‌టిఎఫ్ అనే ఫైలు రకం మేలు.

ఇంజిన్‌లో

యూనిటీలో రిగ్ విభాగంలో హ్యూమనాయిడ్, జెనెరిక్ అని రెండు దారులు ఉన్నాయి. ఇతర చోట్ల దొరికే నడక, పరుగు కదలికలను తెచ్చి ఈ పాత్రకు తొడగాలంటే హ్యూమనాయిడ్ కావాలి. దానికి కనీసం 15 ఎముకలు సరిగ్గా జతపడాలి, అవి మన దగ్గర ఉన్నాయి. కాని మనిషి అస్థిపంజరంలో లేని పంచె, మెలిక, సహాయ ఎముకల కదలికను అది తనంతట తీసుకోదు, క్లిప్పు (నమోదైన ఒక కదలిక) మాస్క్‌లో వాటికి గుర్తు పెట్టాలి. కదలికలన్నీ మనమే చేసుకుంటున్నప్పుడు జెనెరిక్ తీసుకుని, రూట్ నోడ్‌గా మూలం ఎముకను చూపడం నాకు నచ్చిన దారి. ఎక్కే క్లిప్పుకు లూప్ పెట్టి, నిలువు స్థానాన్ని పోజులో బేక్ చేసే గుర్తు తీసేయాలి, ఆనిమేటర్ మీద అప్లై రూట్ మోషన్ ఉంచాలి, మాను మీద ఉన్నంతసేపూ గురుత్వం ఆపమని ప్రోగ్రామరుకు చెప్పాలి. ఆప్టిమైజ్ గేమ్ ఆబ్జెక్ట్స్ వాడితే ఎముకల వరుస దాగిపోతుంది గనుక కత్తి ఎముకలు రెంటినీ బయట ఉంచే జాబితాలో చేర్చాలి.

ఆ తరువాత చేతిలో ఉన్న తక్కువ ఖరీదు ఫోనులోనే చూడాలి. స్కిన్ వెయిట్స్ 2కు తగ్గించి ఒకసారి, 4తో ఒకసారి ఆ ఆరు భంగిమల పరీక్ష కదలికను ఆడించి, పంచె మధ్య గీతనూ పిరుదు పక్కనూ దగ్గరగా చూడాలి. మధ్య గీత దగ్గర మూడు ఎముకల వాటా ఉంది కాబట్టి 2 దగ్గర అది తప్పకుండా కొంత బిగుసుకుంటుంది, చూడలేనంతగా ఉంటే ఆటలోని కనిష్ఠ నాణ్యత స్థాయిలో కూడా 4 ఉంచమని కోరాలి. చివరగా పాత్రను పదిసార్లు వరుసగా ఎక్కించి, మూలం ఎముక ఎత్తు చదవాలి. అది సరిగ్గా 4 మీటర్లు చూపాలి. 3.9 అని వస్తే లూపులో ఒక ఫ్రేము ఎక్కడో తెగింది, క్లిప్పు చివర 36కు బదులు 35 అని ఉందేమో మొదట అక్కడే చూడాలి.